రంగు అంటని రాత

మా చెల్లెలి కూతురు సుహాసిని పోయిన నెల నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి, మా ఇంటికి, రెండు సంచులతో వచ్చింది. చిన్న సంచిలో దాని బట్టలున్నాయి. పెద్ద సంచి నిండా కాగితాలు, సీసాలు, రబ్బరు ముద్రలు, కుంచెలు, తల ఆరబెట్టుకునే దానిలా ఉండి వేడిగాలి ఊదే ఒక యంత్రం. నాగర్‌కర్నూల్‌లో అది ఒక ప్రైవేటు బడిలో టీచరు. శనివారాలు ఇంట్లో పిల్లలకూ, ఆడవాళ్లకూ గ్రీటింగు కార్డులు చేయడం నేర్పుతుంది. ఏదైనా కొత్తది నేర్పబోయే ముందు నా మీద ప్రయోగించి చూడటం దానికి అలవాటు. నేను డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైన మనిషిని. నాకు అర్థమైతే ఇంకెవరికైనా అర్థమవుతుందని దాని నమ్మకం. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని నేనెప్పుడూ విడదీసి చూడలేదు.

"పెద్దమ్మా, ఇయ్యాల నీకొక కొత్త పని చూపిస్త. దీన్ని రెసిస్ట్ అంటరు," అంటూ నేల మీద పాత పేపర్లు పరిచింది. "తెల్ల కాయితం మీద ముందుగాల ఒక జిగురు లాంటి మందుతోని బొమ్మ గీస్తం. అది ఆరినంక పైనుంచి రంగు పూస్తం. గీసిన కాడ రంగు అంటదు. గా మందు ఒలిచేస్తే తెల్లటి బొమ్మ మిగులుతది. దాని మీద ముద్రలు ఏసుకుంటే కార్డు తయారు."

నేను బుద్ధిగా తలూపాను. అది సంచి మొత్తం బోర్లించింది. యంత్రం వచ్చింది, ముద్రలొచ్చాయి, ఏడు రకాల నీలాలొచ్చాయి. ఆ మందు సీసా ఒక్కటి రాలేదు. ఇంట్లో ఫ్రిజ్జు మీదే మర్చిపోయి వచ్చింది. జర సేపు పరేషానై ఫోనులో వెతికి, ఆర్డరిస్తే నాలుగు రోజులకు వస్తుందని ముఖం వేలాడేసుకుని కూర్చుంది. నేను వంటింట్లోకి పోయి, కరెంటు పోతే వెలిగించుకునే కొవ్వొత్తి ముక్క తెచ్చాను. బట్టలకు పెట్టే నీలం గిన్నెలో కలిపాను. కాగితం మీద కొవ్వొత్తి మొనతో నాలుగు గీతలు గీసి, పైనుంచి నీలం నీళ్లు ఒక్క పూత పూశాను. రంగు గీతల మీద నిలవలేక చుక్కలు చుక్కలుగా జారిపోయింది. తెల్లటి గీతలు తేలాయి.

సుహాసిని నోరు తెరుచుకుని చూసింది. "నీకు ముందే తెలుసా? ఏ వీడియోల చూసినవు?"

"వీడియోల గాదు, గద్వాలల చూసిన. మా ఎస్తేరత్త కాడ," అన్నాను. ఎస్తేరత్త పోయిన చాలా ఏళ్లకు పుట్టింది సుహాసిని. దానికి ఆమె పేరు తప్ప ఏమీ తెలియదు. ఆ పూట కార్డులు పక్కన పెట్టి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ఎస్తేరత్త మా నాయినకు అక్క. మామ చిన్నవయసులోనే పోతే, గద్వాలలో చర్చి పక్కనున్న బడిలో ఆయమ్మగా కుదిరింది. చర్చి వెనక ఒక గది, గది ముందు ఒక అరుగు, ఆమె ఇల్లంతా అంతే. అమ్మా నాయినా కూలి మనుషులు. ఊళ్లో పని లేని నెలల్లో మేస్త్రీ కూడగట్టిన గుంపుతో కలిసి రాయచూరు దిక్కు కాలువ పనులకు పోయేవాళ్లు. నేను పదేళ్లదాన్నయ్యాక ఒకసారి పోయేటప్పుడు నన్ను గద్వాలలో అత్త దగ్గర దింపి, ఆరేళ్ల మా చెల్లె మార్తను మాత్రం వెంట తీసుకుపోయారు. నాకు చదువు అబ్బుతోందని అత్తే పట్టుపట్టి ఉంచేసుకుందట. ఆ సంగతి నాకప్పుడు తెల్వదు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకదాన్ని అమ్మ చంకనేసుకుని పోయింది, ఇంకోదాన్ని పారేసి పోయింది, ఆ ఇంకోదాన్ని నేను. నాకు తెలిసింది అదే.

అత్త ఇంట్లో పొద్దు ఒక పద్ధతిగా నడిచేది. చీకటితోనే లేచి బడి వాకిలి ఊడ్చి వచ్చేది. తర్వాత పొయ్యి మీద జొన్నరొట్టె కాల్చేది. ఆ గదికి ఒక వాసన ఉండేది: కాలిన జొన్నపిండి, కిరసనాయిలు, ఉతికిన తెల్లచీర, వాటన్నిటి అడుగున మైనం. మైనం ఎందుకంటే, అత్త దేన్నీ పారేసేది కాదు. చర్చిలో ఆరాధన అయిపోయాక మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ ఏరి ఒక బిస్కట్ల డబ్బాలో వేసేది. తెగిన హవాయి చెప్పులు ఒక మూల, బట్టల కొట్టువాళ్లు చీరల మడతల్లో పెట్టి తర్వాత తీసిపారేసే తెల్ల అట్టలు మంచం కింద. ఆ మంచం కింద ఏముందో దేవుడికీ ఎలుకలకూ తప్ప ఎవరికీ తెలియదని చుట్టుపక్కలవాళ్లు ఆమెను ఆట పట్టించేవాళ్లు. వాళ్లకే ఏదైనా అవసరం పడి వస్తే మాత్రం అత్త వంగి, చెయ్యి పెట్టి, సరిగ్గా ఆ వస్తువునే పట్టి బయటికి లాగేది.

ఇంకో అలవాటు చెప్పకపోతే ఈ కథ నడవదు. అత్తకు చదువు పెద్దయ్యాక వచ్చింది, బైబిలు ముందేసుకుని కూడబలుక్కుని నేర్చుకుంది. వేలు పెట్టి, గొంతెత్తి చదివితే తప్ప అక్షరం ఆమెకు లొంగేది కాదు. మనసులో చదువుకోవడం అనే విద్య ఒకటి ఉందంటే ఆమె నమ్మేది కాదు. ఉత్తరమైనా, మందుసీసా మీది కాగితమైనా, పొట్లం కట్టిన పేపరు ముక్కైనా పైకే చదివేది. ఒకరింటికి వచ్చిన పెళ్లిపత్రిక ఆమె చేతిలో పడిందంటే ముహూర్తం గల్లీ మొత్తానికీ తెలిసిపోయేది.

చలి మొదలు కాగానే అత్త మంచం కింది అట్టలు బయటికొచ్చేవి. క్రిస్మస్‌కు చర్చికొచ్చే ఇళ్లన్నిటికీ తలా ఒక కార్డు, బడి పెద్ద టీచరమ్మకు ఒకటి, అంతా ఆమె చేతి పనే. ఎవరూ నేర్పలేదు. ఒకసారి చర్చి నేల మీద ఒలికిన మైనం గీకుతూ నీళ్లు కొడితే, మైనం ఉన్నచోట నేల తడవలేదట, అక్కడ మొదలైంది. అట్టను మధ్యకు మడిచి, కింద చేట బోర్లించి, పైనుంచి కొవ్వొత్తి అడ్డంగా రుద్దేది. చేట అల్లిక గళ్లుగళ్లుగా అట్టకు దిగేది, కంటికి ఆనేది కాదు. నీలం పూయగానే ఆకాశంలో వల పరిచినట్టు తేలేది. కొవ్వొత్తి మొనతో గుచ్చితే చుక్కలు. బట్టల నీలం ఆరిపోతే పొడిగా రాలిపోతుంది కాబట్టి అందులో తుమ్మజిగురు రెండు చుక్కలు కలిపేది. మైనం మీద నిలిచిన నీటిబొట్లను మెత్తటి గుడ్డతో అద్ది తీసేది, రుద్దనిచ్చేది కాదు. రంగు ఆరాక ముద్రలు. బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు, తెగిన హవాయి చెప్పు అడుగును బ్లేడుతో కోసిన నక్షత్రం. ముద్రలకు పసుపులో సున్నం కలిపిన ఎరుపు. నక్షత్రానికి అయిదు కొనలుండాలి, మా అత్త చెప్పు నక్షత్రానికి నాలుగున్నరే ఉండేవి. మడమ దగ్గర అరిగిపోయింది మరి.

నా పని మైనం రుద్దడం. అత్తకు నా పని ఎప్పుడూ నచ్చేది కాదు. "ఏందే గిట్ల రుద్దినవ్? మొయిలు పట్టిన మొఖం లెక్క ఉంది," అనేది. ఇంకొంచెం గట్టిగా రుద్దితే, "అట్టకు నూనె పెడుతున్నవా?" అనేది. ఒకసారి సొంత తెలివితో మైనం బదులు తుమ్మజిగురుతోనే బొమ్మ గీసి నీలం పూశాను. జిగురు కరిగి, నీలం కలిసి, అట్ట మొత్తం కింద పెట్టుకున్న పలకకు అంటుకుంది. అత్త పలకను తిప్పి తిప్పి చూసి, "పోనీలే, పలకకు గూడ క్రిస్మసే గద," అంది.

నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు. అమ్మ మీద బెంగ. రొట్టెలు రెండే పెడుతుందని కోపం. అత్త గురక పెడితే పైకప్పు రేకులు కదిలేవి. పైగా అమ్మకు ఉత్తరం రాస్తే, అది అత్త చేతిలో పడి, గొంతెత్తి చదవబడి, ఒత్తులూ పొల్లులూ సరిదిద్దబడి గానీ మేస్త్రీ చేతికి పోయేది కాదు. మేస్త్రీ నెలకొకసారి సామాన్లకు గద్వాల వచ్చేవాడు. అమ్మా నాయినకు చదువు రాదు. అక్కడ ఆయనే చదివి వినిపించేవాడు. అట్లా మూడు చెవుల్లోంచి పోయే ఉత్తరంలో ఏం రాసుకుంటాం? "ఇచ్చట అందరమూ క్షేమము" అని రాసి ఊరుకునేదాన్ని.

అత్త దగ్గరికి వచ్చిన రెండో ఏడు నాకొక ఉపాయం తట్టింది. ఎండాకాలంలో ఊళ్లో కలిసినప్పుడే మార్తకు ఈ మైనం ఆట చూపించి, "ఎప్పుడన్న నా కాడ నుంచి తెల్ల అట్ట వస్తే, తెల్లగ ఎక్కడుంటే అక్కడ రంగు పూయి," అని చెప్పి ఉంచాను. క్రిస్మస్ ముందర ఒక శనివారం అత్త బడికి పోయినప్పుడు మధ్యకు మడిచిన అట్ట ఒకటి తీసి, కొవ్వొత్తి మొనతో పైమడత మీద ఇలా రాశాను: "అమ్మా, అత్త గురక పెడుతది. రెండు రొటెలే ఇస్తది. నన్ను తీస్కపో." తెలుపు మీద తెలుపు, నాకే కనిపించలేదు. రాశాక చాలా పెద్దదాన్ని అయినట్టనిపించింది. అట్టను నా పుస్తకాల కింద దాచాను.

ఆదివారం ఆరాధన తర్వాత ముగ్గురు ఆడవాళ్లు కార్డుల పని చూద్దామని మా అరుగు మీదికొచ్చి కూర్చున్నారు. మైనం రుద్దిన అట్టలు అయిపోయాయి. అత్త "ఇంకొకటి ఉండాలె" అంటూ లోపలికి పోయి, ఇల్లు సర్దే చేత్తోనే నా పుస్తకాలు లేపి, కింద ఉన్న అట్ట పట్టుకొచ్చింది. నేను నీళ్ల బిందెతో వాకిట్లోకి వచ్చేసరికి గుడ్డ నీలంలో ముంచి ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఊపులో పూసేసింది. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. అక్షరం కనబడితే అత్త ఆగలేదని చెప్పాను గదా. వేలు పెట్టింది, గొంతెత్తింది.

"అమ్మా... అత్త... గు...ర...క..."

పాపం, ఆమె ఆగాలనే అనుకుని ఉంటుంది. కానీ మొదలుపెట్టిన వాక్యం ముగియకుండా ఆపడం ఆమెకు చేతకాదు. రొట్టెల దాకా వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నన్ను తీస్కపో" అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. బిందె నా చంకలోనే ఉంది, దించాలని కూడా తోచలేదు.

అత్త అట్టను కొంచెం దూరంగా పట్టుకుని చూసింది. "రొట్టెల కాడ ట కింద ఒత్తు మరిసినవ్," అంది.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆడవాళ్లు పోయాక నన్ను పిలిచి, "ఇది మీ అమ్మకెట్ల కండ్లవడుతది?" అని అడిగింది. మార్త సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, చెప్పు నక్షత్రం నా చేతిలో పెట్టి, "చుట్టూత ముద్రలెయ్. మేస్త్రీ ఎల్లుండి వస్తడు," అంది.

"పంపుతవా అత్తా?"

"రాసినవ్ గద. రాసింది పంపాలె."

నాలుగున్నర కొనల నక్షత్రాలు చుట్టూ వేశాను. కన్నీళ్లు పడి రెండు నక్షత్రాలు అలుక్కుపోయాయి. మేస్త్రీ వచ్చి అట్ట తీసుకుపోయాడు. ఆ రోజు నుంచీ అత్త తన బొంత తీసుకుని అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే లోపల ఉక్కగా ఉందంది. పొద్దున లేస్తే నోట్లోంచి పొగలొచ్చే చలి అది. ఆమెకు ఉక్కట. గది మొత్తం నాదయింది, నిశ్శబ్దంగా ఉంది, నాకు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు పొద్దున బడి గంట కొట్టి వచ్చాక దగ్గుతోంది. ఆ సాయంత్రం ఆమె బొంత నేనే లోపలేసి, "అత్తా, నాకు భయమైతుంది, లోపల పండుకో," అన్నాను.

"మరి గురక?"

"గురక లేకుంటేనే భయమైతుంది."

ఆమె నన్నొకసారి అనుమానంగా చూసింది. సగం అబద్ధమే గానీ, మిగతా సగం నిజమని చెప్తుంటేనే నాకు తెలిసింది.

క్రిస్మస్ ముందు రోజు అమ్మ వచ్చింది, మార్తను ఎత్తుకుని. పని ఆగదని నాయిన రాలేదు. అమ్మ తలకు నూనె పెట్టి గట్టిగా జడేసుకుంది, ఉతికిన చీర కట్టింది. నా కోసం ఒక పూల గౌను సంచిలో మడిచి తెచ్చింది. అరుగు మీద కూర్చోగానే కొంగు ముడి విప్పి ఆ అట్ట తీసింది. మీద నీలంలో నా తెల్ల అక్షరాలు ఉన్నాయి. తెరిస్తే లోపల అంతా ఎర్రటి మట్టి. ఆ పని దగ్గర నీలం ఎక్కడిది? అట్ట లోపలి మడత తెల్లగా కనబడేసరికి, నేను చెప్పిన మాట ప్రకారం మార్త ఎర్రమట్టి నీళ్లు కలిపి అరచేత్తో పూసేసింది. ఆ ఎరుపులోంచి, నావి కాని, వంకర టింకర తెల్ల అక్షరాలు తేలి ఉన్నాయి. అత్త వైపు చూశాను. ఆమె ఎక్కడ లేని పనీ గుర్తొచ్చినట్టు పొయ్యి దగ్గరికి పోయింది.

చదివాను. మొదటిసారి అత్తలాగా వేలు పెట్టి, పైకే చదివాను. "పిల్ల రాసింది నిజం. గురక పెడత. రొట్టె మూడు పెడత ఇగనుంచి. అరుగు మీద పండుకుంట. బడి మాన్పియ్యకు మరదలా. లెక్కలల్ల అందరికన్న ముందుంది."

"మేస్త్రీ సదివి ఇనిపించిండు. గుంపంత ఇన్నది," అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "మీ నాయిన నిన్ను తోల్కరమ్మన్నడు బిడ్డ. నువ్వు వస్తనంటే తోల్కపోత. గౌను గూడ తెచ్చిన," అంది.

ఆ ఏడాదంతా నేను కలగన్న మాట అది. పొయ్యి దగ్గర రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. నేను అమ్మ ముఖం వైపు చూడకుండా, "పరీక్షలున్నయమ్మా," అన్నాను.

అమ్మ గౌను తీసి నా భుజాలకు ఆనించి కొలత చూసింది, పొట్టయింది. ఎండాకాలం తర్వాత ఆ ఆరు నెలల్లో నేనెంత ఎదిగానో ఆమెకు తెలియదు. "వదినె, నా బిడ్డను నాకు గాకుండ జేస్తివి," అంది లోపలికి వినబడేట్టు. నవ్వుతూనే అంది. అత్త కూడా నవ్వుతూనే, "నీ బిడ్డనే, నీకే ఇస్త. జర సదువు పెట్టి ఇస్త," అంది. ఆ పొట్టి గౌను మార్తకు తొడిగారు, దానికి అది కాళ్ల దాకా వచ్చింది. పండగైన మర్నాడు వాళ్లు బస్సెక్కారు. నేను బస్టాండు దాకా పోలేదు, పోతే ఎక్కేస్తానని భయం. అత్త ఒక్కతే పోయి ఎక్కించి వచ్చింది. ఆ పూట మూడో రొట్టె నాకు దిగలేదు.

పదో తరగతి దాకా అక్కడే చదివాను. తర్వాత ట్రైనింగు, ఉద్యోగం, ఈ వనపర్తి ఇల్లు. అత్త ఆఖరి రోజుల్లో నా దగ్గరే ఉంది. గురక ఏమాత్రం తగ్గలేదు, మా ఆయన అరుగు మీద పడుకునేవాడు. గద్వాల రోజులే మంచివని సుహాసినికి నేను చెప్పలేదు, చెప్పను కూడా. మా కార్డుల్లో ఒక్కటీ మిగల్లేదు. మైనం రుద్దిన అట్టంటే ఎలుకలకు విందు, ఆ ఎర్రమట్టి అట్టను కూడా అవే తిన్నాయి. సుహాసిని చేసేవి రంగు వెలిసిపోవు, నక్షత్రాలకు అయిదు కొనలూ ఉంటాయి. పని నచ్చకపోతే అది పేపరు మార్చేస్తుంది. మాకు పేపరు మారేది కాదు, చెడిందాని మీదే ఇంకేదో ముద్ర వేసి పనికొచ్చేట్టు చేయాల్సి వచ్చేది. అది గొప్పేం కాదు. కానీ అందువల్ల చెడిన అట్టను ఎక్కువసేపు చూసేవాళ్లం.

మార్త సంగతి వేరు. ఆ తర్వాత నాలుగేళ్లకు గానీ బడి ముఖం చూడలేదు, అయిదో తరగతిలో ఆపేసింది. ఇప్పుడు కూతురి దగ్గరే నాగర్‌కర్నూల్‌లో ఉంటుంది. నేను చెప్పడం ముగించగానే సుహాసిని వాళ్లమ్మకు ఫోను కలిపి, ఇద్దరికీ వినబడేట్టు పెట్టి, "అమ్మా, నువ్వు మట్టి పూసి అక్షరాలు తీసినవంట గద, నాకెప్పుడు చెప్పలే," అంది.

"నేనే పూసిన," అంది మార్త. "మేస్త్రీ సదివిండు. అమ్మ ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన."

"నువ్వెందుకే?" అన్నాను నేను.

"నాకు గూడ రాయొస్తే ఒకటి రాద్దును అనుకున్న అక్కా."

"ఏమని?"

"నన్ను గూడ అత్త కాడనే పెట్టుకోమని."

ఇన్నేళ్లుగా అమ్మ చంకలో ఉన్నది మార్త అనీ, బయట ఉన్నది నేననీ అనుకుంటూ వచ్చాను. ఎప్పుడు కోపమొచ్చినా దాని మీద ఆ మాటే విసిరాను, అది మారు మాట్లాడకుండా పడుతూ వచ్చింది.

"ఇన్నేండ్లు చెప్పలేదేందే?"

"నువ్వు అడిగితివా?" అంది మార్త, నిష్ఠూరమేమీ లేకుండానే. "ఇంతకు ఇద్దరు తిన్నరా? రంగుల ముంగట కూసుంటే దానికి బువ్వ యాదికుండదు, జర పెట్టు." అని ఫోను పెట్టేసింది.

మేమింకా తినలేదు.